చేయనిదాని దోషము

ధర్మశాస్త్రములందు బహుకాలముగా వాదమునకు గురియైన ప్రశ్న యొకటి కలదు. విహితమైన కర్మమును మనుజుడు చేయకపోయినప్పుడు, ఆ చేయకపోవుట వలన దోషము పుట్టునా, పుట్టదా? చేసిన చెడుపనికి ఫలము చెడుగా నుండుననుటలో ఎవ్వరికిని సందేహము లేదు. కాని ఏమియు చేయక ఊరకున్నవానికి ఆ ఊరకుండుటయే ఒక ఫలమును కని, పెంచి, యొకనాడు ఎదుట నిలువబెట్టునా యన్నది సులభముగా తేలునది కాదు. ఈ ప్రశ్నను గ్రంథముల నడుమనుండి తీసి, హైదరాబాదు పాతబస్తీ వరదలో నడువవలసిన ఒక పడవ ఇంజను కడకు కొనిపోయి అచ్చట విచారింపదలచితిని. శాస్త్రములోని ప్రశ్న మనుష్యుల ప్రాణములతో ముడిపడిన చోటనే దాని బరువు మనకు నిజముగా తెలియునని నా నమ్మకము.

2020వ సంవత్సరము అక్టోబరు 13, 14 తేదీలలోను, మరల 17వ తేదీ రాత్రియు కురిసిన కుంభవృష్టికి పాతబస్తీ దక్షిణపు అంచుననున్న చెరువులు నిండి పొరలి, కట్టలు తెగి, ఫలక్‌నుమా సమీపమునందలి అల్ జుబైల్ కాలనీ, చాంద్రాయణగుట్ట ప్రక్కనున్న హఫీజ్ బాబా నగర్ మొదలైన వాడలలో ఇండ్లలోనికి నీరు చొచ్చినది. నిన్నటివరకు ఆటోలును తోపుడుబండ్లును తిరిగిన సందులలో పడవలు తిరిగినవి. మేడపైన చిక్కుకొన్న ముసలివారిని, పసిబిడ్డలను, మందులు తప్పిపోయిన రోగులను విపత్తు దళములవారు గాలి నింపిన రబ్బరు పడవలలో దింపుకొని వచ్చిరి. అట్టి పడవకు వెనుకచెక్కపై మరలతో బిగించు మోటారు ఉండును. దానినే అవుట్‌బోర్డ్ ఇంజను అందురు. పడవలోనే ఒక మూల పెట్రోలు తొట్టి, దానినుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టము, ఆ గొట్టము నడుమ చేతితో ఒత్తి పెట్రోలును పైకి పంపు చిన్న తిత్తి, ఇంతే దాని సంసారము. ఉప్పాడలోనో భీమునిపట్నములోనో సముద్రముమీద బ్రతుకు బెస్తవాని పడవకు దినదినము పని యుండును గనుక దానిలో పెట్రోలు నిలువయుండుటకు తీరిక లేదు. నగరపు రక్షణ పడవకో, వానలు లేని నెలలన్నియు నిద్ర. నేను తలచునది ఆ నిద్రను గూర్చియే.

ఆ నిద్రలో ఏమి జరుగును? సగము నిండిన పెట్రోలు తొట్టి, పాతబస్తీ మిస్త్రీలు టంకీ యని పిలుచునది, ఒక రేకుల కొట్టములో ఉన్నదనుకొందము. ఆ తొట్టి మూతకు గాలి పోవు రంధ్రము ఉండును. అది లేనిచో పెట్రోలు ఖర్చగుకొలది లోపల శూన్యము ఏర్పడి ధార ఆగిపోవును గనుక ఉండియే తీరవలెను. చాలమంది దానిని పని ముగిసిన వెనుక బిగించుట మరతురు. పగటి ఎండకు లోపలి గాలి వ్యాకోచించి ఆ రంధ్రముగుండ వెలుపలికి పోవును. రాత్రి చల్లబడినప్పుడు వెలుపలి గాలి లోపలికి వచ్చును. ఇట్లు తొట్టి అహోరాత్రములు ఊపిరి పీల్చుచు విడుచుచు నుండును. మృగశిర కార్తె దాటిన తరువాత ఆ పీల్చిన ఊపిరిలో తేమ యుండును. చల్లబడిన గోడల లోపలివైపున ఆ తేమ బిందువులుగా పట్టి, గోడవెంట జారి, పెట్రోలుగుండ దిగి అడుగున చేరును. లీటరు నీరు కిలో తూగును, లీటరు పెట్రోలు సుమారు ముప్పాతిక కిలో మాత్రమే తూగును గనుక నీటికి అడుగే స్థానము. తొట్టి నిండుగా నున్నచో తేమ పట్టుటకు చోటు లేదు. పూర్తిగా ఖాళీచేసి ఆరబెట్టి మూసినచో చెడుటకు పెట్రోలు లేదు. సగము సగముగా వదలిపెట్టిన తొట్టియందే ఈ పాడు జరుగును. బిరడా రబ్బరు పగిలి వానచుక్క లోపలికి దిగుట, మూత తెరచి వర్షములో పెట్రోలు పోయుట, అమ్మినచోటనే అందు నీరు కలిసియుండుట మొదలగు మార్గములు మరికొన్ని కలవు. అవి ప్రసిద్ధములు, వానికి కారకుని వెదకి పట్టుకొనవచ్చును. ఈ మొదటి మార్గమునకు మాత్రము కారకుడు లేడు. ఎవ్వరును నీరు పోయలేదు. చెరువులోని నీరును కాదు, వాననీరును కాదు. అయినను నీరున్నది.

ఇక శాస్త్రమునకు వత్తము. సంధ్యావందనాదులైన నిత్యకర్మములను విడిచినవానికి ప్రత్యవాయము, అనగా పాపము, కలుగునని మీమాంసకుల పక్షము. వారి తర్కము లోకవ్యవహారమునకు దగ్గరగా నున్నది: చేయవలెనని విధి యున్నప్పుడు చేయకపోవుటకు ఫలమే లేనిచో ఆ విధికి అర్థమేమి? దీనిని శంకర భగవత్పాదులు తైత్తిరీయ భాష్యోపోద్ఘాతమునందును గీతాభాష్యమునందును ఖండించిరి. చేయకపోవుట యనునది అభావము. అభావమునుండి భావరూపమైన పాపము ఎట్లు పుట్టును? లేనిదానినుండి ఉన్నది పుట్టుననుట ప్రమాణవిరుద్ధము. కావున నిత్యకర్మ విడచుట పాపమునకు హేతువు కాదు. అంతకుముందే వానియందు చేరియున్న పాపము పక్వమగుచున్నదనుటకు అది గుర్తు మాత్రమేయని వారు సమన్వయించిరి. ఈ రెండు పక్షములలో ఏది గెలుచునను కుతూహలము నాకు చిన్ననాటినుండియు లేదు. రెండింటియందును ఒక్కొక్క సత్యము మిగిలిపోవుచున్నదన్న బాధ మాత్రము ఉన్నది. మీమాంసకుని మాట నిజము కానిచో పెట్రోలు తొట్టిలోని ఆ నీటికి జవాబుదారి యెవ్వడు? శంకరుల మాట నిజము కానిచో ఏమియు లేనిచోట నీరు ఎక్కడనుండి వచ్చెను?

తొట్టిని తెరచి చూచినచో ఈ చిక్కు కొంత విడును. సగము తొట్టిలో పైనున్న సగము ఖాళీ యని మనము వాడుకగా అనుచున్నాము. యథార్థమునకు అది ఖాళీ కాదు. అందు గాలి యున్నది, గాలిలో తేమ యున్నది, ఆ తేమకు రాకపోకల దారి యున్నది. శంకరులు చెప్పినట్లే అభావమునుండి ఏదియు పుట్టలేదు. మనము అభావమని పేరుపెట్టినది అభావమే కాదు. అట్లే చేయనివాడు ఏమియు చేయకున్నాడనుట కూడ తప్పు. పడవ పనిని విడిచినవాడు ఆ గంటను మరియొకదానికి వెచ్చించినాడు. ఈ యేడు చెరువులు తెగవులే యని లోలోపల ఒక నిర్ణయము చేసికొన్నాడు. ఆ పడవ ఎవ్వరికి కావలసివచ్చునో వారిని తన లెక్కలోనుండి తీసివేసినాడు. ఇవన్నియు భావరూపములైన వృత్తులే. శంకరులు గుర్తు అన్నది ఇట్టిదే యని నాకు తోచుచున్నది. తొట్టి అడుగున నిలిచిన గుక్కెడు నీరు, కొన్ని నెలల క్రిందట ఒక మనస్సులో జరిగిపోయిన నిర్ణయమునకు గుర్తు. పాపము అకరణము వలన పుట్టలేదు, అకరణములో కనబడినది. ఇట్లు చెప్పినంతమాత్రమున మీమాంసకుని భయము వ్యర్థము కాదు. వాని భయము మరింత లోతునకు, పని విడిచిన క్షణమునుండి పని విడువవచ్చునని తలచిన క్షణమునకు జరుగును. ధర్మవిచారము అచ్చట మొదలిడనిచో ఎన్ని నియమపత్రములు వ్రాసి కొట్టము గోడకు అతికించినను వానిపై సంతకములు మాత్రము చేరును.

ఆ నీరు ఎప్పుడు బయటపడునన్నది మరి ఆలోచింపదగినది. ఇంజను మొదట చక్కగా అంటుకొనును. గొట్టములోను కార్బొరేటరులోను మిగిలియున్న మంచి పెట్రోలు దానికి కొంతసేపు చాలును. నెమ్మదిగా, ఒడ్డుననే నిలిపి పరీక్షించినప్పుడు ఏ లోపమును కనబడకపోవచ్చును. పరీక్షించినవాడు సరియేనని వ్రాసికొని పోవును. పడవ ఎదురు ప్రవాహములో పడి, పూర్తి వేగము కావలసివచ్చి, అలల త్రోపుళ్లకు తొట్టి కదలినప్పుడు, అడుగుననున్న నీరు లేచి చిన్న చిన్న బిందువులై పెట్రోలులో తిరుగును. తొట్టి అడుగునుండియే పీల్చు గొట్టము దానిని పీల్చును. నీరు మండదు. కార్బొరేటరు పాత్రలో చేరిన ఒక్క బిందువు సూదిమొన వంటి రంధ్రమునకు అడ్డుపడిన చాలును. ఇంజను తడబడును, దగ్గును, మిస్సింగ్ కొట్టుచున్నదని మిస్త్రీ లనునట్లు ఒక చప్పుడు విడిచి ఒకటి పట్టును, ఆపై ఆగిపోవును. కొంతసేపటికి మరల అంటుకొనును, మరల ఆగును. ఆ కొంతసేపు ప్రవాహమునకు లేదు.

ఇచ్చట మన ఆధ్యాత్మిక వాఙ్మయములో విస్తారముగా వ్యాపించిన ఒక అభిప్రాయమును నేను ఒప్పుకొనజాలకున్నాను. మనస్సు నిశ్చలమైనచో నిర్మలమైనట్లేయని అనేకులు బోధింతురు. కదలక నిలిపిన తొట్టిలో నీరు అడుగునకు దిగి పైని పెట్రోలు స్వచ్ఛముగా కనబడుట నిజమే. గాజుసీసాలో పట్టి చూచినచో రెండింటి నడుమ గీత గీచినట్లు తెలియును. కాని ఇంజను త్రాగునది పైనుండి కాదు, అడుగునుండి. శమము దోషమును కదలకుండ చేసినది, అడుగునకు చేర్చినది, కంటికి మరుగుపరచినది, తీసివేయలేదు. గాఢనిద్రలో సుఖముగా నున్నవానియందు కూడ అవిద్య బీజరూపమున మిగిలియే యుండునని గౌడపాదులు తమ కారికలలో సుషుప్తిని గూర్చి చేసిన హెచ్చరికకు ఇంతకంటె ప్రత్యక్షమైన నిదర్శనము నాకు తెలియదు. ప్రశాంతముగా నున్న సాధకుని చూచి అతడు శుద్ధుడని తలచుట, ఒడ్డుననున్న పడవ ఇంజనును విని మంచిదని వ్రాసికొనుట వంటిది. నిశ్చలత యొక్క ప్రయోజనము వేరు: ఏది ఎక్కడ నున్నదో అది చూపును. చూపిన తరువాత చేయి చాచి తీయవలసినది మిగిలియున్నది.

ఏమి తీయవలెనన్నచో దోషము కలయికయందున్నదని కొందరు త్వరపడి చెప్పుదురు, అదియు సరికాదు. రెండుఘాతల (టూ-స్ట్రోక్) ఇంజనుకు శుద్ధమైన పెట్రోలు మాత్రమే పోసినచో అది కొద్దిసేపటిలోనే లోపలి భాగములు ఒరసి పట్టుకొని పాడగును. 50 పాళ్ల పెట్రోలునకు ఒక పాలు నూనె కలుపుట అనేక ఇంజనులకు విహితము. అచ్చట కలపకపోవుటయే దోషము. నీరును స్వభావతః అశుద్ధము కాదు. ద్రవ్యశుద్ధి ప్రకరణములలో స్మృతికారులు శుద్ధిసాధనములను లెక్కించునప్పుడు నీటిని వానిలో చేర్చిరి. పాతబస్తీలో మక్కా మసీదు ఆవరణమునందలి హౌజు చుట్టును కూర్చుండి వజూ చేసికొనువారికి ఆ నీరే ప్రార్థనకు ద్వారము. ఇస్లాము ధర్మశాస్త్రమున నీటి శుద్ధిని గూర్చిన చర్చ ఎంత సూక్ష్మమైనదో తెలిసిన హిందువులు అరుదు. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల నీటిలో అశుద్ధము పడినను రంగు, రుచి, వాసన మారనంతవరకు ఆ నీరు పనికివచ్చునని హనఫీ సంప్రదాయమువారు, రెండు కుల్లాల, అనగా రెండు పెద్ద జాడీల, పరిమాణమును దాటిన నీటికి ఆ నియమము చెల్లునని షాఫయీ సంప్రదాయమువారు చెప్పుదురు. చార్మినారు ప్రాంతమున మొదటి సంప్రదాయము, బార్కస్‌లో స్థిరపడిన హద్రమీ అరబ్బు వంశీయులలో రెండవది కొనసాగుచున్నవి. ఎంత నీటిలో ఎంత అశుద్ధము ఓర్చుకొనవచ్చునన్నది వారి ప్రశ్న. ఎంత పెట్రోలులో ఎంత నీరు ఓర్చుకొనవచ్చునన్నది మన ప్రశ్న. ఒకచోట పావనకరమైనది మరియొకచోట కల్మషమగుచున్నది. కావున కల్మషము వస్తువునందు లేదు. ఆ వస్తువు చేరినచోట జరుగవలసిన పనికిని దానికిని గల సంబంధమునందున్నది. పడవ నీటిమీద నుండవచ్చునుగాని నీరు పడవలో నుండరాదని రామకృష్ణ పరమహంస సంసారిని గూర్చి చెప్పిన మాట అందరికిని తెలిసినదే. పడవ లోపలికి రాకయే, చిల్లులేకయే, గాలినుండి పుట్టిన నీటిని గూర్చి విచారించుట ఆ మాటకు తరువాతి మెట్టని నేననుకొందును.

ఇక్కడనే విషయము సున్నితమగుచున్నది. ఓర్పునకు ఒక మేర యున్నది; ఆ మేర లోపల దోషము కనబడనే కనబడదు. మన దేశమున పెట్రోలులో చెరకు, ధాన్యాదులనుండి తీసిన ఇథనాలును కలుపుచున్నారు. 2022లో నూటికి పది పాళ్ల కలయిక సాధింపబడినది, 2023 ఫిబ్రవరిలో ఇరువది పాళ్ల పెట్రోలు అమ్మకము మొదలైనది. విదేశములనుండి ముడినూనె కొనుగోలు తగ్గించుటకును చెరకు రైతునకు ఆధారముగాను దీనిని తలపెట్టిరి. ఆ విధానపు మంచిచెడ్డలు ఇచ్చట ప్రస్తుతము కావు. ఇథనాలునకు నీటిపై మక్కువ మెండు. వెనుకటి పెట్రోలులో చేరిన నీరు వెంటనే అడుగునకు దిగి తన్ను తాను పట్టియిచ్చుకొనెడిది. ఇథనాలు గల పెట్రోలు ఆ నీటిని తనలో కరగించుకొని దాచుకొనును. పది పాళ్ల ఇథనాలు గల పెట్రోలు నూరు లీటర్లలో సుమారు అరలీటరు నీటిని ఇట్లు దాచగలదు. ఇరువది పాళ్లది ఇంకను ఎక్కువ దాచును. సీసాలో పట్టి చూచినను గీత కనబడదు. ఇంజనులో కూడ ఆ కొద్దిపాటి నీరు పెట్రోలుతోపాటు ఆవిరియై పోవును. ఇది మేలే యని తోచును. కాని మేర దాటి మరికొంచెము తేమ చేరిననాడు, లేదా ఒక చలిరాత్రి ఆ మేరయే తగ్గిననాడు, దాచిపెట్టిన నీరంతయు ఒక్కసారి విడిపడును. విడిపడుచు ఇథనాలును కూడ తనతో అడుగునకు ఈడ్చుకొనిపోవును. పైన మిగిలిన పెట్రోలు తన సత్త్వమును కోల్పోయి ఇంజనులో టకటక కొట్టించును. అడుగున చేరినది మండకపోవుటయే కాక లోహమును తినును. అంతవరకు కనబడని దోషము అప్పుడు మంచిని కూడ వెంటబెట్టుకొని దిగును. అటుపై ఎంత కలియబెట్టినను అది మరల మునుపటి పెట్రోలు కాదు.

తెలిసినవారు కొందరు, తొట్టిలో నీరున్నదని అనుమానము రాగానే సీసాడు ఆల్కహాలు మందు పోసి నీటిని కరగించి మండించివేయుదురు. కొలదిగా నున్న నీటికి, పాత పెట్రోలునకు, అది పనిచేయుననుట అబద్ధము కాదు. ఇథనాలుతో నిండియున్న నేటి పెట్రోలులో అది ఉన్న మేరను కొంచెము జరుపుట తప్ప వేరొకటి కాదు. ఇది చూచినప్పుడెల్ల నాకు ప్రాయశ్చిత్త కాండము జ్ఞప్తికి వచ్చును. ప్రాయశ్చిత్తము పాపమును నశింపజేయునా, లేక చేసినవానిని మరల నలుగురిలో కూర్చుండుటకు యోగ్యుని మాత్రము చేయునా? తెలియక చేసిన పాపము ప్రాయశ్చిత్తముచే తొలగుననియు, తెలిసి చేసినవాడు దానివలన వ్యవహారయోగ్యుడు మాత్రమే యగుననియు యాజ్ఞవల్క్యస్మృతి ప్రాయశ్చిత్తాధ్యాయమున నున్నదానిని విజ్ఞానేశ్వరుడు తన మితాక్షరలో వివరించెను. ఈ విజ్ఞానేశ్వరుడు కళ్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలమువాడు. ఆ కళ్యాణి 1956 వరకు హైదరాబాదు రాజ్యములోనిదే, బీదరు జిల్లాలోనిది. దక్కను నేలపై కూర్చుండి అతడు వ్రాసిన మితాక్షర హిందూదేశమున న్యాయస్థానములవరకు వ్యాపించినను, దానిలోని దాయవిభాగమునకు దొరకిన కీర్తి ఈ భాగమునకు దొరకలేదు. దొరకవలసినది ఈ భాగమునకే యని నా తలంపు. ఏలయన, నలుగురిలో తిరుగుటకు యోగ్యత వేరు, దోషము తొలగుట వేరు అని ఇంత నిర్మొగమాటముగా ఒప్పుకొన్న శాస్త్రము మనలను మోసపుచ్చుట లేదు. మందు పోసిన తొట్టి వ్యవహారయోగ్యమైనది. పడవ తిరుగును. నీరు తొలగలేదు, కరగినది.

మసీదు ప్రక్కనున్నవారు ఇదే ప్రశ్నను తౌబా విషయమున అడిగికొనిరి. చేసినదానికి పశ్చాత్తాపపడుట, దానిని వెంటనే విడుచుట, మరల చేయనని నిశ్చయించుకొనుట, ఈ మూడును దైవమునకును దాసునకును నడుమనున్న తప్పునకు చాలును. తప్పు సాటిమనిషి హక్కును తాకినదైనచో ఆ హక్కును అతనికి మరల చేర్చవలెనన్నది నాలుగవ నియమము. ఈ నాలుగవదానిని చదివినప్పుడు మితాక్షరలో వెలితిగా మిగిలినదేదో నాకు నిండినట్లు తోచినది. రక్షణ పడవ తొట్టిలోని నీరు తాకినది ఎవ్వరి హక్కు? అల్ జుబైల్ కాలనీలో మేడమెట్లమీద నిలిచి ఇంజను చప్పుడునకై చెవియొగ్గినవారి హక్కు. వారి పేర్లు పడవ కాపరికి తెలియవు. వారికి వాని పేరు తెలియదు. వరద రాకముందు వారు హక్కుదారులని వారికే తెలియదు. అయినను ఆ హక్కు ఉన్నది. దానిని పశ్చాత్తాపముతో తీర్చలేము, తీర్థస్నానముతో తీర్చలేము. తొట్టి విప్పి తీర్చవలెను.

ఆ విప్పుట పెద్ద విద్య కాదు, ఓపిక. పొగచుట్టయు నిప్పును దరిదాపులలో లేని, గాలి తగులు చోట, తొట్టిని కదల్చక ఒక రాత్రి నిలువనిచ్చి, అడుగుననున్నదానిని గొట్టముతో గాజుసీసాలోనికి తీసి చూడవలెను. గీత కనబడినచో, లేదా అడుగున మబ్బుపట్టినట్లున్నచో, పెట్రోలు బంకులవారు కొలకఱ్ఱకు పూసి నీటిని కనిపెట్టు లేపనము రంగు మారినచో, సందేహమునకు చోటు లేదు. ఇథనాలు గల పెట్రోలు విడిపడియున్నచో పైనున్నదానిని మిగిల్చుకొందమను ఆశ విడిచి తొట్టిని పూర్తిగా ఖాళీ చేయవలెను. లోపల బట్టతో తుడిచి ఆరబెట్టవలెను. గొట్టములోను, ఒత్తుడు తిత్తిలోను, ఇంజను ప్రక్కనుండు వడపోత గిన్నెలోను ఉన్నదంతయు వదలిపెట్టవలెను. కార్బొరేటరు పాత్ర అడుగు మరను విప్పి అందలి బిందువులను కార్చి, రంధ్రములను శుభ్రపరచి, బిగించి, క్రొత్త పెట్రోలుతో ఇంజనును పూర్తి వేగమున కొంతసేపు నడిపి చూడవలెను. నెమ్మదిగా నడిపి చూచిన చూపు చూపు కాదు. నీటిని వేరుపరచు వడపోత ఉన్నచోట దాని క్రింది గాజుగిన్నెను ప్రతిదినము పరికించుట ఒక నియమముగా పెట్టుకొనుట మంచిది. పడవ పని లేని కాలములో తొట్టి నిండుగానైన ఉంచవలెను, పూర్తిగా ఖాళీగానైన ఉంచవలెను. వాయురంధ్రమును బిగించుట మరువరాదు. నెల నెలకు ఒకమారు ఇంజను నడిపిన దళములు ఈ బాధను చాలవరకు ఎరుగవు. ఈ పనులలో మంత్రము లేదు. అయినను నిత్యకర్మకు వలె వీనికి ఫలము కంటికి కనబడదు. ఆగని ఇంజనును ఎవ్వరును గమనింపరు. కనబడని ఫలమునకై దినదినము చేయు పనియే నిత్యకర్మ యగుచో, కొట్టములో తొట్టి మూత విప్పి చూచు కాపరి చేయుచున్నది అదియే.

మిగిలినది ఒక్క ప్రశ్న, దానిని ప్రాయశ్చిత్తవాదులు ఎక్కువగా చర్చింపలేదు. తీసిన దోషము ఎక్కడికి పోవును? పూజానిర్మాల్యమును, శ్రాద్ధశేషమును, కలశజలమును పారునీటిలో విడుచుట మనకు అలవాటు. నది దానిని కొనిపోయి సముద్రమునకు ఇచ్చునను నమ్మకము ఆ అలవాటునకు మూలము. ఈ నగరమునకు మూసీ అట్టి నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రజలను పొట్టపెట్టుకొన్నప్పుడు, మహబూబ్ అలీఖాన్ నిజాము స్వయముగా నది యొడ్డునకు వచ్చి హిందూ పురోహితుల మాటపై నదికి హారతి యిచ్చి చీర సారె సమర్పించెనని నేటికిని పాతబస్తీవారు చెప్పుకొందురు. ఆ నదికే నగరము ఆ తరువాతి కాలమున తన మురుగంతయు అప్పగించినది. ప్రతి యిల్లు తన వంతు శుద్ధమైనది; ఆ శుద్ధులన్నియు కలిసి నది అయినవి. మీర్ ఆలం చెరువు నూరేండ్లకు పైగా పాతబస్తీకి త్రాగునీరిచ్చినది; ఇరువదియొక్క కమానుల కట్ట ఇప్పటికిని చెక్కుచెదరక నిలిచియున్నది, నీరు మాత్రము మురుగు చేరి గుర్రపుడెక్కతో నిండినది. ఒకచోటినుండి తీసి మరియొకచోట పోయుట శుద్ధియని పిలువబడినంతకాలము ఇట్లే జరుగును. తొట్టిలోనుండి తీసిన నీటిలో ఇథనాలు, పెట్రోలు, నూనె ఉన్నవి. దానిని సంది చివరి నాలాలో పోసిన కాపరి మేడమీదివారి హక్కును చెల్లించి, చెరువు క్రిందివారి హక్కును తీసికొన్నాడు. ఆపై ఏ వానకో ఆ నాలా పొంగి అదే వాడలోనికి వచ్చును.

దానిని మూత గట్టిగా బిగియు లోహపు డబ్బాలో పట్టి, నీడలో, పిల్లల చేతికి అందని ఎత్తున ఉంచి, అపాయకర వ్యర్థములను తీసికొని శుద్ధిచేయువారికి అప్పగించువరకు కాపాడవలెను. డబ్బాపై తెలుగులోను, ఉర్దూలోను, ఇంగ్లీషులోను నీరు కలిసిన పెట్రోలు, వాడరాదు అని పెద్ద అక్షరములతో వ్రాసి తేదీ వేయవలెను. ఏలయన, మూత తీసి వాసన చూచిన మరియొకడు దానిని మంచి పెట్రోలనుకొని తన బండిలో పోసికొనవచ్చును, లేదా రాబోవు వర్షకాలములో తొందరపాటున ఆ పడవ తొట్టిలోనికే మరల పోయవచ్చును.